ఒంటరి చుక్క



మీలో చాలామందికి ఇవాళ వంటింట్లోనే కుళాయి వుంది. తిప్పితే నీళ్ళు. ఒక్క పూట రాకపోతే మున్సిపాలిటీని నాలుగు మాటలంటాం, ట్యాంకరుకు కబురు పెడతాం. నేను పుట్టి పెరిగింది కర్నూలు జిల్లా కోడుమూరులో. మా ఊరిని ఆనుకునే హంద్రీ నది పారుతుంది. పారుతుంది అన్నానే గానీ, నా చిన్నతనంలో ఎండాకాలం వచ్చిందంటే అందులో కనిపించేది ఇసకే. ఆ ఇసకలో మా అవ్వ చెలమ తవ్వేది. నేను బిందె పట్టుకుని పక్కన కూర్చునేదాన్ని.

చెలమ సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు చెబుతాను. మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో ఇసక తోడుకుంటూ పోవాలి. మూరెడో, రెండు మూరలో పోయాక తడి తగులుతుంది. తడి కనిపించింది కదా అని బిందె ముంచితే వచ్చేది బురదే. మొదట ఊరిన మట్టి నీళ్ళను కొబ్బరి చిప్పతో ఎత్తి పారబోయాలి. మళ్ళీ ఊరేదాకా కూర్చోవాలి. మళ్ళీ పారబోయాలి. అప్పుడు గానీ అడుగున కళ్ళలా మెరిసే తేటనీళ్ళు రావు. నాకు ఓపిక వుండేది కాదు, చెయ్యి పెట్టి కెలికేదాన్ని. “ఊరనీ అమ్మీ, నువ్వు కెలికితే అది ఎట్ల తేరుకుంటాది?” అనేది అవ్వ.

ఓర్పుతో, ఆశతో ఎదురుచూడడం గురించి చెప్పమని అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ చెలమే. ఆ తరువాత గుర్తొచ్చింది మా అవ్వ చెప్పిన ఇంకో కథ. అది ఒంగోలు కథ. అవ్వ కథలాగానే చెప్పేది గానీ, నేను పెద్దయ్యాక చదివి తెలుసుకున్నదేమిటంటే, అది కథ కాదు, చరిత్ర. ఇవాళ అదే మీకు చెబుతాను.

ముందు ఒక మాట. మామూలు తెలుగులో నిరీక్షణ అంటే ఎదురుచూపు. పరీక్ష ఫలితాల కోసం నిరీక్షణ అంటాం, వానల కోసం నిరీక్షణ అంటాం. మన తెలుగు బైబిల్లో మాత్రం ‘ఆశ’ అని చెప్పవలసిన చోట ఈ నిరీక్షణ అన్న మాటే వాడారు. విశ్వాసం, ప్రేమలకు జతగా చెప్పే మూడో సుగుణం పేరు మన భాషలో నిరీక్షణ. చూశారా, తెలుగు క్రైస్తవులకు ఆశ పెట్టుకోవడం, ఎదురుచూడడం రెండు వేరు వేరు పనులు కావు. ఒకే మాట. ఆశ లేకుండా ఎదురుచూస్తే అది వుత్త కాలక్షేపం. ఎదురుచూసే ఓపిక లేకుండా ఆశ పెట్టుకుంటే అది పగటి కల. ఈ రెంటినీ ఒక్క మాటలో ముడి వేసిన ఆ పాత అనువాదకులకు దండం పెట్టాలనిపిస్తుంది నాకు.

ఇక చరిత్రకు వద్దాం.

1836లో శామ్యూల్ డే అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ భార్యతో కలిసి ఓడ దిగాడు. తెలుగువాళ్ళ మధ్య పని చెయ్యాలని వచ్చినవాడు. విశాఖపట్నం, శ్రీకాకుళం, మద్రాసు తిరిగి చివరికి 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. మన సీమలో అప్పటికే ఇంకో మిషనువాళ్ళున్నారు. బళ్ళారికి 1810లో, కడపకు 1822లో లండన్ మిషనువాళ్ళు వచ్చి వున్నారు. నెల్లూరు మాత్రం డే గారికి కొత్త చేను. దున్నాడు, విత్తాడు. సంతల్లో, తిరునాళ్ళలో నిలబడి మాట్లాడాడు, పుస్తకాలు పంచాడు, బడి పెట్టాడు. పంట? ఒకరో ఇద్దరో వచ్చేవారు. కొన్నేళ్ళు ఆ ఒక్కరూ వుండేవారు కాదు.

అలా పదేళ్ళు గడిచాయి. డే గారి ఆరోగ్యం పాడైంది. 1846లో అమెరికాకు తిరిగి వెళ్ళిపోవలసి వచ్చింది. మూడేళ్ళ పాటు నెల్లూరు మిషనును ఇక్కడి సహాయకులే కనిపెట్టుకుని వున్నారు. ఇంత ఖర్చు పెట్టి ఫలితం లేని చోట ఇంకా ఎందుకు, మూసేద్దామా అని అమెరికాలోని పెద్దలు 1848లో ఆలోచించారు. చివరికి మూయలేదు. 1849లో డే తిరిగి వచ్చాడు. ఆయనతో పాటు లైమన్ జువెట్ అనే యువకుడు, ఆయన భార్య యుఫీమియా వచ్చారు. ఇంకో నాలుగేళ్ళు గడిచాయి. మళ్ళీ అదే పరిస్థితి. డే గారి ఆరోగ్యం పూర్తిగా చెడి 1853లో శాశ్వతంగా వెళ్ళిపోయాడు.

ఆ యేడే, 1853 మే నెలలో, అమెరికాలోని ఆల్బనీ అనే ఊళ్ళో ఆ మిషను మహాసభ జరిగింది. మళ్ళీ అదే ప్రశ్న. నెల్లూరు వుంచాలా, తియ్యాలా? వాళ్ళకు పక్కనే బర్మా దేశం ఒక ఉదాహరణ. అక్కడ జడ్సన్ అనే ఆయన 1813లో దిగితే, మొదటి మనిషి బాప్తిస్మం తీసుకోవడానికి ఆరేళ్ళు పట్టింది. కానీ ఆ తరువాత వేలమంది వచ్చారు. సభలో గోడకు కట్టిన పటంలో మిషను వున్న చోటల్లా ఒక చుక్క. బర్మా వైపు చుక్కలు గుంపుగా వున్నాయి. సముద్రానికి ఇవతల, తెలుగు దేశంలో, ఒకే ఒక్క చుక్క. నెల్లూరు. ఆ ఒంటరి చుక్కను చెరిపే చెయ్యి ఎవరిది అని ఒకాయన అడిగాడట. ఆ రాత్రి ఆ ఊళ్ళోనే బసచేసిన శామ్యూల్ స్మిత్ అనే కవి నిద్ర మానుకుని ఆ చుక్క మీద ఒక పద్యం రాశాడు. అమెరికా వాళ్ళ దేశభక్తి గీతం ఒకటి రాసి అప్పటికే పేరు పొందినవాడు. మర్నాడు సభలో అది చదివితే కళ్ళు చెమర్చనివాళ్ళు లేరంటారు. చుక్క మిగిలింది. అప్పటినుంచి నెల్లూరు మిషనుకు ‘ఒంటరి చుక్క’ అన్న పేరు స్థిరపడిపోయింది.

వినడానికి బాగుంది కదూ! కానీ సోదరీమణులారా, సభలో పద్యం విని కళ్ళు తుడుచుకోవడం ఒక యెత్తు. ఆ చుక్క కింద దినదినం బతకడం ఇంకో యెత్తు. ఇప్పుడు ఆ బతికినవాళ్ళ దగ్గరకు పోదాం.

1853 డిసెంబరు ఆఖరున జువెట్ దంపతులు నెల్లూరు నుంచి ఉత్తరంగా పల్లెలు తిరుగుతూ ఒంగోలు చేరారు. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే వుండేది. వాళ్ళతో ముగ్గురు తెలుగువాళ్ళు. క్రిస్టియన్ నరసు అనే బోధకుడు, రూతు అనే ఆవిడ, జూలియా అనే అమ్మాయి. మొత్తం అయిదుగురు. అయిదుగురిలో ముగ్గురు ఆడవాళ్ళు. ఈ లెక్క నేను మీ కోసమే ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే చరిత్ర పుస్తకాల్లో కొండ ఎక్కినవాడు జువెట్ దొర అని రాస్తారు.

1854 జనవరి 1. ఇంకా తెల్లవారలేదు. ఊరి పక్కనున్న కొండ మీదకు అయిదుగురూ ఎక్కారు. కింద ఒంగోలు, చుట్టూ చూపు ఆనినంత మేర పల్లెలు. పాట పాడుకున్నారు, ఒకరి తరువాత ఒకరు ప్రార్థన చేశారు. ఈ ఊరికి ఒక మనిషిని పంపమని అడిగారు. పొద్దు పొడిచే వేళకు జువెట్ గారు జూలియాను పిలిచి, నాగజెముడు అలుముకున్న ఒక మెరక నేల చూపించి, మన మిషను బంగళా అక్కడ వుంటే నీకు ఇష్టమేనా, ఈ చుట్టుపక్కల జనమంతా క్రైస్తవులైతే నీకు ఇష్టమేనా అని అడిగారట. ఇష్టమేనంది ఆ పిల్ల. తరువాత మిషను బంగళా లేచింది ఆ చోటనే అని చెబుతారు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అనే అంటారు.

ఆ వేళ వాళ్ళ చేతిలో ఏముంది? ఒంగోలులో ఆదరించినవాళ్ళు లేరు. తోటివాడు ఆరోగ్యం పోగొట్టుకుని ఓడ ఎక్కిపోయాడు. మూసేద్దామని రెండుసార్లు అనుకున్న పెద్దలు ఓడ ప్రయాణానికి నెలల దూరంలో వున్నారు. చేతిలో ఏమీ లేదు. అడగడం మాత్రం వుంది. అడిగి, కొండ దిగి, మళ్ళీ నెల్లూరు వెళ్ళి బడి తెరిచారు, బోధన మొదలుపెట్టారు. నాకు నచ్చిన సంగతి అది. కొండ మీదే కూర్చుండిపోలేదు.

ఆ ప్రార్థనకు జవాబు ఎప్పుడొచ్చిందో తెలుసా? పన్నెండేళ్ళకు. ఈలోగా 1862లో మూడోసారి మిషను మూసేద్దామన్న మాట వచ్చింది. జువెట్ గారు అప్పుడు జబ్బు చేసి అమెరికాలోనే వున్నారు. మీరు పంపకపోయినా నేను వెళ్తాను, తెలుగువాళ్ళ మధ్యే బతుకుతాను, అవసరమైతే అక్కడే చస్తాను అన్నారాయన. అలాగైతే నిన్ను పూడ్చిపెట్టడానికైనా తోడొకణ్ణి పంపాలి అన్నాడట మిషను కార్యదర్శి. అలా తోడుగా పంపినవాడే జాన్ ఎవరెట్ క్లౌ. 1864లో బయలుదేరి 1865లో ఇక్కడికి వచ్చాడు. 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు.

ఇక్కడ ఒక విశేషం చెప్పాలి. ఈ క్లౌ పుట్టింది 1836 జూలైలో. అంటే డే గారు తెలుగు గడ్డ కోసం ఓడ దిగిన సంవత్సరంలోనే. ఏ మనిషి కోసం వీళ్ళు ముప్ఫై ఏళ్ళు ఎదురుచూశారో, ఆ మనిషి వాళ్ళ ఎదురుచూపు మొదలైన యేడే పుట్టి, అక్కడెక్కడో పాలు తాగుతూ, నడక నేర్చుకుంటూ, బడికి పోతూ పెరుగుతున్నాడు. ఎదురుచూసేవాళ్ళకు అది తెలియదు. ఇసక కింద నీరు నడుస్తున్నట్టు పైనున్నవాళ్ళకు తెలుస్తుందా మరి!

ఎదురుచూపు ఒకవైపే జరగలేదు. ఒంగోలుకు పడమరగా దూరాన ఒక పల్లెలో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దమనిషి వుండేవాడు. తోళ్ళ వ్యాపారం చేసేవాడు. దేవుణ్ణి తెలుసుకోవాలని గురువుల వెంట తిరిగి, యోగం నేర్చి, ఏళ్ళ తరబడి వెతికినవాడు. 1866లో ఆయన, భార్య కలిసి బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తరువాత ఆయనే పల్లె పల్లె తిరిగి చెప్పాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడింది. కొండ ఎక్కిన రోజుకు సరిగ్గా పదమూడేళ్ళు. సభ్యులు ఎనిమిది మంది. ఆ నెలలోనే పేరయ్య పల్లె దగ్గర ఇంకో ఇరవై ఎనిమిది మంది చేరారు.

వచ్చినవాళ్ళు ఎవరు? ఊరి చివర గుడిసెల్లో వుండేవాళ్ళు, చెప్పులు కుట్టేవాళ్ళు, ఊరిబావిలో చేద వెయ్యనివ్వనివాళ్ళు. ఊళ్ళో పై కులాల పెద్దలు క్లౌ గారి బడికి పిల్లల్ని పంపుతున్నారు, ఆదరంగా మాట్లాడుతున్నారు. ఈ మాదిగవాళ్ళను చేర్చుకుంటే మేము రాము అన్నారు. ఏం చెయ్యాలో తోచక క్లౌ గారు తన గదిలో, ఆయన భార్య హారియెట్ తన గదిలో, ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కనిపించింది ఒకే భాగమట. కొరింథీయుల పత్రిక మొదటి అధ్యాయంలో, లోకం నీచంగా చూసినవాళ్ళనే దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే చోటు. దాంతో తేలిపోయింది. పై కులాల పిల్లలు బడి మానేశారు. తలుపు మాత్రం మూయలేదు. చూశారా, ముప్ఫై ఏళ్ళు ఎదురుచూసినవాళ్ళకు చివరికి వచ్చింది వాళ్ళు అనుకున్నవాళ్ళు కాదు. వచ్చినవాళ్ళను గుర్తుపట్టి లోపలికి పిలవడం కూడా ఎదురుచూపులో భాగమే.

ఇప్పుడు ధాత కరువు దగ్గరికి వస్తున్నాను. మన సీమ ఇళ్ళలో పెద్దవాళ్ళు ఇప్పటికీ ఆ పేరు ఎత్తితే గొంతు తగ్గిస్తారు. 1876లో వానలు రెండు కార్లూ తప్పాయి. 1877లోనూ సరిగా పడలేదు. దక్షిణ దేశమంతటా యాభై లక్షల మందికి పైగా చనిపోయారని చరిత్రకారుల అంచనా. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు అందరికంటే ఎక్కువగా నలిగాయి. 1871 లెక్కల్లో తొమ్మిది లక్షలు దాటిన కర్నూలు జిల్లా జనం 1881 నాటికి ఏడు లక్షల లోపుకు పడిపోయారు. ఆ కర్నూలు జిల్లాలో అప్పుడు మార్కాపురం, కంభం తాలూకాలు కూడా వుండేవి. అవి ఒంగోలు మిషనువాళ్ళు తిరిగే పల్లెలే. అందుకే ఈ కథ మా అవ్వ దాకా వచ్చింది.

సర్కారు కరువు పనులు పెట్టింది. 1877లో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి ఖర్చు తగ్గించాలని కూలి ఎంత చేశాడో తెలుసా? మగవాడికి రోజంతా మట్టి మోస్తే ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌను అంటే 450 గ్రాములు. మన వంటింట్లో కొలిచి చూడండి, రెండు గ్లాసుల పైచిలుకు బియ్యం. ఆడవాళ్ళకు ఇంకా తక్కువ. బిడ్డకు పాలిస్తున్న తల్లి ఆ గింజలతో పొద్దంతా గంప ఎత్తాలి.

అప్పుడే సముద్రం పక్కన కాలువ తవ్విస్తున్నారు. మద్రాసు గవర్నరు పేరు మీద బకింగ్‌హాం కాలువ అన్న పేరు దానికి వచ్చింది. క్లౌ గారు పాదిరీ కాకముందు అమెరికాలో భూములు కొలిచే సర్వేయరుగా పనిచేసినవాడు. ఆ పాత విద్య అక్కరకు వచ్చింది. మూడున్నర మైళ్ళ కాలువను తానే కంట్రాక్టు తీసుకున్నాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. ఆకలితో పల్లెలు వదిలిన జనం వేలాదిగా అక్కడికి చేరారు. క్రైస్తవులు, కానివాళ్ళు అన్న తేడా లేకుండా పని ఇచ్చారు. మగవాళ్ళు తవ్వితే ఆడవాళ్ళు గంపలు మోసేవారు. మధ్యాహ్నం నీడన కూర్చున్నప్పుడు మేస్త్రీలైన బోధకులు యేసు కథ చెప్పేవారు. “భారము మోసికొనుచున్న సమస్త జనులారా” అన్న పిలుపు అక్షరాలా తలమీద మట్టిగంప మోసేవాళ్ళ చెవిన పడితే ఎలా వుంటుందో మీరే ఊహించుకోండి.

వింటూ వింటూ చాలామంది, మాకూ బాప్తిస్మం ఇవ్వండి అని అడగడం మొదలుపెట్టారు. వందలు, తరువాత వేలు. ముప్ఫై ఏళ్ళు ఒక్కొక్కరి కోసం కళ్ళు కాయలు కాచేలా చూసిన మిషను కదా, వెంటనే ఇచ్చేసి వుంటారనుకుంటాం. ఇవ్వలేదు. క్లౌ గారు ఆగమన్నాడు. 1877 మార్చి నుంచి 1878 జూన్ దాకా, పదిహేను నెలలు, ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు.

ఎందుకు? కూటి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని. రేపు తిండి దొరికాక వీళ్ళు మొహం చాటేస్తే అది వాళ్ళకూ అవమానం, తమకూ అవమానం అని. అంతకంటే పెద్ద సంగతి, ఆకలిగొన్నవాడి చేత నీ మాటకు ఊ అనిపించుకోవడం న్యాయం కాదు. అన్నం పెట్టిన చేతిని చూసి తల ఊపితే అది మనసు ఊపినట్టు కాదు. మా అవ్వ భాషలో చెప్పాలంటే, మొదట ఊరిన నీళ్ళు పారబోసి కూర్చున్నాడన్న మాట. తేరుకోనిచ్చాడు.

అయితే సోదరీమణులారా, ఇక్కడ కూర్చుని ఎదురుచూసింది క్లౌ గారు ఒక్కడే కాదు. దొరల ముప్ఫై ఏళ్ళ ఓర్పు గురించి అమెరికాలో పద్యాలు రాశారు. ఈ జనం పదిహేను నెలల ఓర్పు గురించి ఎవరూ పద్యం రాయలేదు. నన్నడిగితే రెండోదే గొప్పది. వాళ్ళు నీడన కూర్చుని ఎదురుచూడలేదు. ఎండలో మట్టి మోస్తూ, పిల్లల్ని పూడ్చుకుంటూ, కలరాకు మశూచికి దడుస్తూ ఎదురుచూశారు. రేపటిదాకా బతుకుతామో లేదో తెలియనివాళ్ళను ఆగమంటే ఆగారు.

1878లో కరువు తగ్గుముఖం పట్టింది. జూన్ నెలలో క్లౌ గారు సహాయం ఆపేస్తున్నట్టు కబురు చేసి, బోధకులను ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డునున్న వెల్లంపల్లికి రమ్మన్నాడు. ఒంగోలులో మశూచి వుంది, అందుకని. తీరా చూస్తే బోధకుల వెంట జనం తిరునాళ్ళకు వచ్చినట్టు వచ్చారు. ఇక ఇవ్వడానికి డబ్బు లేదు, ఇళ్ళకు పొండి అని చెప్పాడు. మేము డబ్బుకు రాలేదు అన్నారు వాళ్ళు. పలుగు పార పట్టి కాయలు కాచిన చేతులు చూపించారట. మేము పని చేసి తిన్నాం, ఇకమీదా చేసుకుని తింటాం, వానలు రాక చచ్చిపోయినా సరే, మమ్మల్ని చేర్చుకోండి అన్నారు.

ఇక ఆపడానికి కారణం కనిపించలేదు. ఊరూరి బోధకులు తమ ఊరివాళ్ళను ఒక్కొక్కరినీ గుర్తుపట్టి, ప్రశ్నలడిగి, పేర్లు రాసుకున్నారు. 1878 జూలై 3న ఒక్క రోజులో గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్ళలో దిగినవాళ్ళు ఆరుగురు తెలుగు బోధకులు. ఒకసారికి ఇద్దరు చొప్పున, ఆ ఇద్దరూ అలిసిపోతే మరో ఇద్దరు. పొద్దున మొదలుపెట్టి, మధ్యాహ్నం కాసేపు ఆగి, సాయంత్రానికి ముగించారు. క్లౌ గారు ఆ రోజు ఒక్కరికి కూడా తన చేత్తో ఇవ్వలేదు, ఒడ్డున నిలబడి ఏర్పాట్లు చూసుకున్నాడు. జూన్ మధ్య నుంచి జూలై ఆఖరుకు లెక్క 8,691కి చేరింది. ఒంటరి చుక్క చుట్టూ ఆకాశం నిండిపోయింది.

ఆ తరువాత ఊరూరా బళ్ళు వచ్చాయి. బోధకులను తయారుచేసే పాఠశాల రామాయపట్నంలో అప్పటికే వుంది. అదే మిషను 1870లలో మన కర్నూలులోనూ అడుగుపెట్టింది. కర్నూలులో కోల్స్ హైస్కూలు తెలియనివాళ్ళు ఎవరు? కులం అడగకుండా పలక చేతికిచ్చిన బడులు మన ప్రాంతంలో ఎన్ని ఇళ్ళ రాత మార్చాయో మీకు నేను చెప్పనక్కరలేదు. మా ఇంటి రాత కూడా అందులో ఒకటి.

కథ ఇక్కడ ఆపితే చప్పట్లు కొట్టి ఇంటికి పోవచ్చు. కానీ నా మనసు ఒప్పుకోదు. ఎందుకంటే ఈ కథలో జూలై 3 చూడనివాళ్ళు కూడా వున్నారు. పదిహేడేళ్ళు ఒళ్ళు అరగదీసుకుని విత్తిన శామ్యూల్ డే 1871లో అమెరికాలో కన్నుమూశారు. మొదటి మొలకల కబురు విన్నారేమో గానీ పంట చూడలేదు. కాలువ గట్టున బాప్తిస్మం కోసం పేరు చెప్పుకుని, పదిహేను నెలలు నిండకుండానే పోయినవాళ్ళు ఎందరో. ఓర్పుగా వుంటే అనుకున్నది తప్పక దొరుకుతుందని నేను మీకు చెబితే అది అబద్ధం అవుతుంది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా ఊళ్ళో వరసగా రెండేళ్ళు వానలు లేవు. వేరుశనగ విత్తనం కూడా వెనక్కి రాలేదు. మా నాన్న, వెనకింటి మామ కలిసి కూలి పనికి బొంబాయి పోయారు. మొదట నెలకో కార్డు వచ్చేది. తరువాత ఏడు నెలలు ఏ కబురూ లేదు. మా అమ్మ పోస్టుమాను వచ్చే వేళకు గడపలో నిలబడేది. ఆయన తల అడ్డంగా ఊపి పోగానే లోపలికి వచ్చి చేట ముందర పెట్టుకుని కాయలు ఒలిచేది. కూలికి ఒలిచే కాయలు అవి. సాయంత్రం మా ఇద్దరికీ ఎక్కాలు అప్పజెప్పించుకునేది. “ఇంకా ఎన్నాళ్ళు చూస్తావు తల్లీ?” అని ఇరుగుపొరుగు అడిగితే, “చూసేది నా కండ్లు కదక్కా, చేతులు ఖాళీగా లేవు” అనేది.

మా నాన్న ఆ డిసెంబరులో వచ్చాడు. సగం మనిషై వచ్చాడు, కానీ వచ్చాడు. వెనకింటి మామ రాలేదు. ఎప్పటికీ రాలేదు. మామీ మా అమ్మతో సమానంగా ప్రార్థన చేసింది, మా అమ్మ కంటే ఎక్కువే ఏడ్చింది. ఆమె ఓర్పులో లోపం ఏముందని? ఏమీ లేదు. ఆ యేటి క్రిస్మస్‌కి మా అమ్మ పండగ చేసుకోవడానికి సిగ్గుపడింది. వంట చేసి, మొదటి గిన్నె వెనకింటికి పంపి, ఆ తరువాత మాకు పెట్టింది. ఆ తరువాత ఏ పండగకూ ఆ గిన్నె ఆగలేదు. ఇద్దరు పిల్లల్ని మామీ ఒంటి చేత్తో చదివించింది. ఆమె ఎదురుచూపు ఎక్కడికి పోయిందని ఎవరైనా అడిగితే, ఆ పిల్లల్ని చూపించడమే నాకు తెలిసిన జవాబు.

అందుకని నేను నేర్చుకున్నది ఇంతే. ఎదురుచూపు బేరం కాదు. ఇన్నేళ్ళు ఓర్చుకున్నాను గనక ఇది నాకివ్వు అని దేవుడికి పద్దు చూపించలేం. ఎదురుచూస్తున్నంత కాలం మన చేతులు ఏం చేస్తున్నాయి, వచ్చినది మనం అనుకున్న రూపంలో రాకపోతే తలుపు తీస్తామా లేదా, మనకు వచ్చి పక్కింటికి రాకపోతే గిన్నె పంపుతామా లేదా, ఇవే మన వంతు. తక్కినది మన చేతిలో లేదు.

లూకా సువార్తలో అన్న అనే ముసలావిడ వస్తుంది. చిన్న వయసులోనే భర్త పోయినావిడ. ఎనభై నాలుగేళ్ళ దాకా దేవాలయం విడవకుండా వుండి, ఒకనాడు ఒక బీద జంట ఎత్తుకొచ్చిన పసిబిడ్డను చూసి, తాను ఎదురుచూసింది ఈ బిడ్డ కోసమే అని గుర్తుపట్టింది. ఆ రోజు గుళ్ళోకి ఎందరు బిడ్డలు వచ్చారో! ఆమెకే ఎలా తెలిసింది? మన శబరిని అడిగినా అదే చెబుతుంది. రోజూ వాకిలి ఊడ్చి, రోజూ పండ్లు ఏరి పెట్టుకున్నవాళ్ళకు, వచ్చినవాణ్ణి గుర్తుపట్టడం కష్టం కాదు.

మీ ఇళ్ళలోనూ ఎదురుచూపులుంటాయి. కొడుకు ఉద్యోగం, కూతురి సంబంధం, ఆస్పత్రి నుంచి రావలసిన కాగితం, మాట్లాడడం మానేసిన తోడబుట్టినవాడి ఫోను. ఎవరి చెలమ వాళ్ళది. మొదట బురదే వస్తుంది. పారబోయండి. కెలకకండి. చేతులు మాత్రం ఖాళీగా పెట్టుకోకండి. పక్కనే ఇంకో ఆమె కూడా చెలమ తవ్వుకుంటూ కూర్చుని వుంటుంది, ఆమె బిందె వంక ఒకసారి చూడండి.

నాకిచ్చిన సమయం అయిపోయింది. సెలవు.